దారాలు కట్టుకోండి

లేవొద్దు మునిరత్నం, లేవొద్దు, నేను నీ బెంచీ పక్కగా పోతున్నానంతే, నిన్ను పిలవలేదు. చూడు ఆ వీపు, నా చెప్పుల చప్పుడు దగ్గరైతే చాలు నిటారుగా బిగుసుకుంటుంది, మోకాళ్లు లేవడానికి తయారవుతాయి, కలం గాలిలో ఆగిపోతుంది, నేను దాటిపోయాక గానీ మళ్లీ కాగితం మీదికి దిగదు. నేను అటొకసారి ఇటొకసారి తిరిగితే నీకు రెండు వాక్యాలు నష్టం. సరే, ఇక ఆ వరసలోకి రాను, కిటికీ దగ్గర నిలబడతాను, అటువైపు పిల్లకాయలు కాపీ కొడితే కొట్టనీ అనుకోవడానికి మాత్రం లేదు, నేను పంకజాక్షిని, చరిత్ర లెక్చరర్ని, ఈ కాలేజీలో పిల్లలు నాకు పెట్టుకున్న పేరు కత్తెర, ఆ పేరు నా చెవిన పడలేదని పాపం వాళ్ల నమ్మకం. సెప్టెంబరు పరీక్షలు, బి.ఏ. ఇంగ్లీషు పేపరు, మార్చిలో తప్పినవాళ్లంతా మళ్లీ రాస్తున్నారు, హాలు నిండా మీసాలు సరిగా మొలవని మొహాలు, వాటి మధ్య గోడవారగా ముందు బెంచీలో మునిరత్నం, పదిహేనేళ్లు మిలిటరీలో ఫిరంగుల దగ్గర పనిచేసి పెన్షన్ మీద వచ్చి, నలభైకి దగ్గర పడుతున్న వయసులో పుస్తకాలు పట్టినవాడు. రెండు గంటలు అయిపోయాయి. ఇంకో గంట ఉంది, ఈ గంట గడిస్తే చాలు.

ప్రిన్సిపాలుకు పొద్దున్నే చెప్పాను, ఈ హాలు నాకు వద్దు సార్, ఆ మునిరత్నం బైరాగిపట్టెడలో మా ఇంటి వెనక గదిలోనే అద్దెకుంటున్నాడు, రేపు ఎవరైనా నోరు చేసుకుంటే నాకు తలవంపులు అని. ఆయన నవ్వి, మిమ్మల్ని అనుమానించే మొనగాడు తిరుపతిలో ఇంకా పుట్టలేదమ్మా, ఇద్దరు లెక్చరర్లు సెలవు పెట్టారు, మనిషి లేడు, వెళ్లండి వెళ్లండి అన్నాడు. అది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తేలలేదు. పైన ఫ్యాను గరగరమంటోంది, గాలి మాత్రం రాదు, కిటికీలోంచి కొండ కనబడుతోంది, సగం మీద మబ్బు కూర్చుంది, రోడ్డు మీద గుండ్లు గీయించుకున్న యాత్రికుల బస్సు ఒకటి పోయింది, కిటికీకొక గుండు. నేను వచ్చింది కొండ చూడటానికి కాదు. పర్యవేక్షకురాలిగా అభ్యర్థితో మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, అన్నీ సంతకం పెట్టి ఒప్పుకున్నవే. మార్చిలో అతను చేసిన పొరపాటే మళ్లీ చేస్తే, ఇక్కడే నిలబడి చూస్తూ ఉండాలి తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. అదీ నా బాధ.

ఆ పొరపాటు బయటి వాళ్లకు చెబితే నమ్మరు. ఈ పరీక్షలకొక పద్ధతుంది. ఇంకా పది నిమిషాలు ఉందనగా అటెండరు వెంకటముని వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క మీద ఒక్క దెబ్బ వేస్తాడు, అది వినగానే హాల్లో ఉన్నవాళ్లం "దారాలు కట్టుకోండి" అని అరవాలి. అంటే విడిగా తీసుకున్న కాగితాలన్నీ కలిపి దారంతో కట్టుకోమని. నా సర్వీసులో ఆ మాట లెక్కచేసిన పిల్లకాయను ఒక్కణ్ణి చూడలేదు. కట్టరు. ఇంకా వేగంగా రాస్తారు. ఆఖరి గంట కొట్టాక కూడా రాస్తారు, మేము బెంచీ బెంచీకీ పోయి కాగితం పట్టి లాగాలి, లాగుతుంటే కూడా ఒక ముక్క గీకుతారు, తర్వాత దారం ఏదిరా అంటే జేబులు తడుముకుంటారు. బళ్లో పుట్టి బళ్లో పెరిగిన వాళ్లకు ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒకళ్లను చూసి ఒకళ్లు నేర్చుకుంటారు. పదిహేనేళ్లు తుపాకుల మధ్య ఉండి వచ్చినవాడికి ఎవరు చెప్పాలి? మార్చిలో ఆ మాట వినబడగానే మునిరత్నం సగం వాక్యం దగ్గర ఆపి, కలానికి మూత పెట్టి, కాగితాలు కొసలు కలిపి దారం కట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఆ పది నిమిషాలూ ఎదురుగా గోడ చూస్తూ కూర్చున్నాడు. ఆర్డరిచ్చారు, అయిపోయింది. తెలుగులో రాసే పేపర్లు అట్లా కూర్చుని కూడా గట్టెక్కాడు గానీ ఇంగ్లీషు దగ్గర దెబ్బతిన్నాడు. ఇంగ్లీషు అతనికి ఒక్కో మాటా చేదతో తోడుకోవలసిందే, పెద్ద మార్కుల వ్యాసం ఎప్పుడూ ఆఖరికే మిగులుతుంది.

ఈసారి తప్పితే మళ్లీ లేదు. పోయిన నెల దేవకమ్మ, అతని భార్య, సత్యవేడు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది, ఒళ్లో చెనిక్కాయల మూట పెట్టుకుని మా వంటింటి గడప దగ్గర కూర్చుంది. మనిషి సన్నగా, ఎండకు కమిలి, మాట మాత్రం మెత్తన. "మూడేండ్లుగా సేద్యం నేనొక్కదాన్నే చూసుకుంటా ఉండాను మేడమ్. ఆయప్ప సదువుకుంటా ఉండాడని ఊర్లో చెప్పుకోను నాకేం సిగ్గు లేదు. అయితే పిల్లోళ్లు పెద్దోళ్లయినారు. మా అన్న మద్రాసులో నగలంగట్లో పని చూసినాడు, దీపావళికి చేరాలంట" అంది. పనంటే ఏమిటి, ఖాకీ బట్టలు తొడుక్కుని రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని అంగడి తలుపు దగ్గర పొద్దుగూకులూ నిలబడటం. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, పడ్డ కష్టం ఆమెది. ఈ సెప్టెంబరుతో సరి, తప్పితే మద్రాసే అని మునిరత్నం ఆమెకు మాటిచ్చాడు, అతను మాటిస్తే అంతే. డిగ్రీ చేతికొస్తే బి.ఎడ్. చేసి బడిపంతులు కావాలని అతని కోరిక. "పదైదేండ్లు నిలబడే ఉండాను మేడమ్, ఇంగ ఒకరి వాకిట్లో తుపాకి పట్టుకోని నిలబడలేను" అన్నాడు ఒకసారి. పంతులు మాత్రం కూర్చుని చెబుతాడా అయ్యా, నన్ను చూడు, కాళ్లు వాచిపోతున్నాయి అన్నాను. "అది వేరే నిలబడటం మేడమ్" అన్నాడు. ఆ మాట నాకు బాగా పట్టింది, ఆ రోజు నుంచీ క్లాసులో కాళ్లు నొప్పెడితే అదే గుర్తొస్తుంది.

ఎవరది మూలన, తల అటు తిప్పుతున్నది, నిన్నే, నీ కాగితం నీ ముందుంది. ఆ, తల దించాడు. చూపు చాలు వీళ్లకు, గొంతెత్తనక్కర్లేదు. మునిరత్నం వచ్చిన మొదటిరోజు మాత్రం గొంతెత్తాను. హాజరు పిలుస్తుంటే, వెనక బెంచీలోంచి లేచి మడమలు టక్కున ఆనించి "హాజర్ మేడమ్" అన్నాడు చూడు, పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే ఏకాంబరం చాక్‌పీసు పట్టుకునే వచ్చి తొంగిచూశాడు, ఎవరన్నా పడ్డారా అని. క్లాసంతా నవ్వు. ఇది పెరేడ్ మైదానం కాదయ్యా, కూర్చో అన్నాను. కూర్చోలేదు. మళ్లీ అన్నాను. అట్లాగే నిలబడ్డాడు. ఎంత పొగరు అనుకున్నాను, నా కోపం సంగతి ఊరందరికీ తెలిసిందే, గట్టిగా అరిచాక కూర్చున్నాడు. క్లాసు అయ్యాక పిలిచి అడిగితే తెలిసింది, కుడి చెవి ఫిరంగుల మోతకు పోయిందని, నేను నిలబడ్డది అటువైపని. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే "అడగలేదు కద మేడమ్" అన్నాడు. ఆ రోజే ముందు బెంచీకి, గోడవారకు మార్పించాను, ఎడమ చెవి మా వైపు ఉండేట్టు. మిగతా మేష్టర్లందరికీ చెప్పి వచ్చాను, బోర్డు వైపు తిరిగి గొణగొద్దు, మొహం ఇటు పెట్టి చెప్పండి అని. ఇద్దరు నవ్వారు, ఏకాంబరం మాత్రం మర్నాటి నుంచే పాటించాడు. మార్చిలో పరీక్ష పోయింది చెవి వల్ల కాదు, ఆ మాట అతనికి శుభ్రంగా వినబడింది, వినబడటమే వచ్చిన చిక్కు.

అదుగో చెయ్యెత్తాడు. కాగితం కావాలట. నిలబడి తీసుకోబోయి, సగం లేచి, ఏదో గుర్తొచ్చినట్టు కూర్చున్నాడు, భేష్, అంతమాత్రం చాలు. కాగితం ఇచ్చి నా పొడి సంతకం పెట్టాను, అతను నా మొహంలోకి చూడలేదు, నేనూ చూడలేదు. ఈ చెయ్యెత్తడమే, ఈ చెయ్యెత్తి అడగడమే, దాని గురించి ఎవరికైనా చెప్పాలని మూడేళ్లుగా నాకు ఉబలాటం. ఏకాంబరం క్లాసులో రెండోరోజే లేచి, సార్, ఈ మాటకు అర్థం తెలీలేదు అన్నాడట. చిన్న మాటే, హైస్కూలు పిల్లలకు వచ్చే మాట. అందరూ నవ్వారు. మర్నాడు మళ్లీ లేచి ఇంకో మాట అడిగాడు. మళ్లీ నవ్వు. మళ్లీ అడిగాడు. కొన్నాళ్లకు నవ్వు అలిసిపోయింది, అతను అలిసిపోలేదు. తర్వాత ఏం జరిగిందో ఏకాంబరమే స్టాఫ్ రూములో చెప్పాడు, వెనక బెంచీల్లోంచి గుసగుసగా, మిలిటరీ అన్నా, ఈ మాట కూడా అడుగన్నా, ఆ పక్క పేజీలోది కూడా అడుగన్నా అని పిల్లలు అతని వీపు గోకుతున్నారట. ఎవరికీ తెలియదు, అడగడానికి అందరికీ సిగ్గు. "మీ మిలిటరాయన వచ్చినాక నా క్లాసులో సగం మందికి నోరొచ్చింది మేడమ్" అన్నాడు ఏకాంబరం. నేను బి.ఏ. చదివినన్నాళ్లూ ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు, ఏమనుకుంటారో అని. ఒక ఫిరంగికి పెద్దగా ఉండి అరడజను మందికి ఆర్డర్లిచ్చినవాడు, తన కొడుకు వయసు కుర్రాళ్ల మధ్య లేచి నిలబడి నాకు తెలీదు అనడం ఎంత పెద్ద సంగతి. నాకు అతనంటే గౌరవం. చదువు చెప్పిన ఇన్నేళ్లలో ఏ విద్యార్థి మీదా ఇంత గౌరవం కలగలేదు.

అయితే తెలియదని చెప్పడానికి జంకని మనిషికి, నాకిట్లా అనిపిస్తోందని చెప్పడం మాత్రం చేతకాలేదు. మొదటి సంవత్సరం నా పరీక్షలో, ఫలానా యుద్ధానికి కారణాలు చర్చించి నీ అభిప్రాయం రాయమంటే, కారణాలు ఒకటీ రెండూ మూడూ అని అంకెలు వేసి రాశాడు, అభిప్రాయం దగ్గర కాగితం తెల్లగా వదిలేశాడు. ఏమయ్యా ఇది అని అడిగితే, "నా అభిప్రాయం ఎవురూ అడగలేదు మేడమ్, పదైదేండ్లలో ఒకసారి గూడా" అన్నాడు, ఫిర్యాదులాగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. ఏకాంబరం కూడా అదే అనేవాడు, వాడు రాసేది వ్యాసం కాదు మేడమ్, టెలిగ్రాము అని. అతని చేత అభిప్రాయం చెప్పించే పని మా అమ్మ తలకెత్తుకుంది. మా అమ్మ రుక్మిణమ్మ పుట్టిల్లు కాణిపాకం పక్కన, నోరు పెద్దది, చెయ్యి పెద్దది. రాత్రిపూట సంగటి ముద్ద పెట్టి, చారు పోసి, ఎట్లుండాది నాయనా అనేది. బాగుండాది పెద్దమ్మా అనేవాడు. "ఏం బాగుండాది? ఉప్పెక్కువైందా, కారం తక్కువైందా, నోరు తెరిసి సెప్పు. నేనేమన్నా మీ కర్నల్నా." ఎన్ని వారాలు జరిగిందో ఈ తంతు. ఒకరాత్రి, పులుపు రవ్వంత ఎక్కువైంది పెద్దమ్మా, నిన్నటి చారే మేలు అన్నాడు. మా అమ్మ గరిటె పట్టుకునే నా గదిలోకి వచ్చి, విన్నావా, నా చారుకు వంక పెట్టినాడు అంది, మొహం వెలిగిపోతూ. నేను వంక పెడితే మూడు రోజులు మాట్లాడదు. ఆ తర్వాత సినిమా మీద, వాన మీద, మా ఇంటి అద్దె మీద, చివరికి నా పాఠం మీద కూడా అతని అభిప్రాయం అడిగి మరీ చెప్పించింది. నా పాఠం బాగుంటుందట, కానీ రాజులకు తిండి ఎవరు మోసినారో చెప్పరట. దానికి నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను, తర్వాత వెతికి చూసుకుని క్లాసులో చెప్పాను.

ఠంగుమంది, అరగంట ఉంది. రాస్తూనే ఉన్నాడు, ఈ గంటకు ఏం కాదు, భయం దీనికి కాదు. జూన్‌లో ఫలితాలు వచ్చిన రోజు బోర్డు చూసి వచ్చి, తప్పినాను మేడమ్ అన్నాడు, గదిలోకి పోయి పక్కబట్టలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు. దిద్దినవాడికి కళ్లు లేవా అని నేను యూనివర్సిటీని తిట్టిపోశాను. వాడు తప్పడమేంది అని ఏకాంబరం తల పట్టుకున్నాడు. అసలేం జరిగిందని అతన్ని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు, మా అమ్మకు తోచింది. ఆ దినం మొదట్నించీ సెప్పు నాయనా అంది. అతను రిపోర్టు ఇచ్చినట్టు చెప్పుకొచ్చాడు, మొదటి ప్రశ్న ఇట్లా, రెండోది ఇట్లా, వ్యాసం మొదలుపెట్టినాను, గంట కొట్టినారు, దారం కట్టమని ఆర్డరిచ్చినారు, మూసేసినాను. మూసేసినావా, అంది అమ్మ. "ఆర్డరిచ్చినారు కద పెద్దమ్మా." నాకు నవ్వు ఆగలేదు, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను, ఆ నీళ్లు నవ్వువి కావని కాసేపటికి తెలిసింది. ఆ మాట వినాలయ్యా, కానీ చెయ్యకూడదు అన్నాను. వినాల, చేయగూడదు అని రెండుసార్లు అనుకున్నాడు. "మా మిలిటరీలో దానికి కోర్టు మార్షల్ మేడమ్" అన్నాడు. తర్వాత అతనే అన్నాడు, అయితే డ్రిల్లు పెట్టండి మేడమ్, డ్రిల్లుతో వచ్చిన అలవాటు డ్రిల్లుతోనే పోవాల అని. అట్లా మొదలైంది మా పెరటి డ్రిల్లు. సాయంత్రం నిమ్మచెట్టు కింద బెంచీ వేసుకుని వ్యాసం రాస్తాడు, ఎప్పుడు కొడుతుందో చెప్పకుండా మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టి, దారాలు కట్టుకోండ్రా అని అరుస్తుంది. మొదటిరోజు ఏకంగా లేచి నిలబడ్డాడు. పక్కింటి చెంగమ్మ గోడ మీంచి చూసి, మీ అమ్మకేమన్నా గాలి సోకిందా అని నన్నడిగింది. రాను రాను లేవడం పోయింది, కలం ఆగడం మాత్రం పోలేదు. నిన్న సాయంత్రం కూడా ఆగింది. "తల చెప్తా ఉండాది మేడమ్, చెయ్యి వినడం లేదు" అన్నాడు, తన చేతిని పరాయివాడి చెయ్యిలాగా చూసుకుంటూ. ఆ చెయ్యి గూడా నీదే గదరా నాయనా, రా, సంగటి సల్లారిపోతా ఉండాది అంది అమ్మ.

వరండాలో వెంకటముని చెప్పుల చప్పుడు. గడియారం చూడను, చూస్తే ముల్లు కదలదు. ఇప్పుడు ఆ వరసలోకి ఒక్కసారి పోక తప్పదు, హాజరు కాగితం మీద వాళ్ల సంతకాలు తీసుకోవాలి. పోయాను. అతని కాగితం మీద కళ్లు పెట్టకూడదనుకున్నాను, పెట్టాను. వ్యాసం మొదలైంది, మొదటి పేజీ నిండింది, అక్షరాలు బెంచీల్లాగా వరసగా ఉన్నాయి, అంకెలు లేవు, ఒకటీ రెండూ మూడూ లేవు. పేజీ చివర ఇన్ మై ఒపీనియన్ అని ఉంది. నా అభిప్రాయంలో. దాని తర్వాత మాట కోసం కలం ఆగి ఉంది. నేను సంతకం తీసుకుని వచ్చేశాను. రాయి మునిరత్నం, నీ అభిప్రాయం ఏదైతే అది రాయి, తప్పుల తడకైనా ఫర్వాలేదు, పులుపు ఎక్కువైందని రాయి, ఎవడు వద్దన్నాడు. కొట్టకు వెంకటముని, నీ గడియారం ఆగిపోనీ, ఎవరైనా నిన్ను టీ తెమ్మని పంపించనీ. ఆ మాట ఇవాళ అనవలసింది నేను. అనకుండా ఊరుకుంటే? అందరికీ చెప్పే మాట ఒక్కడి కోసం మింగితే అది మోసమే, అతనికి తెలిస్తే నా మొహం చూడడు. వెంకటముని కొట్టాడు, ఒక్క దెబ్బ, కిటికీ ఊచలు కూడా జుమ్మన్నాయి. నేను నోరు తెరిచాను. దారాలు కట్టుకోండి అన్నాను, నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

ఒక్క తలా లేవలేదు, కలాలన్నీ ఇంకా జోరందుకున్నాయి. మునిరత్నం కలం ఆగింది. మూత పెట్టాడు. కాగితాలు కొసలు కలిపాడు, దారం దూర్చాడు, ముడి వేశాడు, చక్కని ముడి, చేతులు రెండూ మోకాళ్ల మీదికి పోయాయి. అయిపోయింది. మద్రాసు, ఖాకీ బట్టలు, నగలంగడి తలుపు. అప్పుడు అతను తలెత్తి నావైపు చూశాడు, తిన్నగా నా కళ్లలోకి, ఏం చెయ్యమంటారు మేడమ్ అన్నట్టు. ఒక్కసారి తలూపితే చాలు, ఎవరూ చూడరు, పిల్లలంతా తలలు వంచి రాస్తున్నారు. మెడ ఊగబోయింది కూడా. కానీ నేను తలూపితే అది ఇంకో ఆర్డరవుతుంది, దాన్ని పాటిస్తాడు, పాటించి పాసవుతాడు, రేపు ఇంకొకరు ఆపమంటే ఆపుతాడు. అతను ఈ కాలేజీకి వచ్చింది అందుకు కాదు. నేను మొహం తిప్పుకుని కొండ వైపు చూశాను. మబ్బు దిగి బండలన్నీ మూసేసింది. నా జీవితంలో ఇంత కష్టమైన పని చెయ్యలేదు, వెనక్కి తిరగాలని ఒళ్లంతా లాగుతుంటే తిరగకుండా నిలబడ్డాను. ఏం చేస్తున్నాడో తెలియదు. ఏ కలం చప్పుడు ఎవరిదో తెలియదు. అమ్మ ఈపాటికి పెరట్లో పప్పు చెరుగుతూ, టైమెంతయింది అని చెంగమ్మను అడుగుతూ ఉంటుంది. దేవకమ్మ పొలంలో ఉంటుంది, ఆమెకు ఇవాళ పరీక్షని తెలుసు, కొంగు ముడి వేసుకుని ఉంటుంది ఏ దేవుడికో. ఆఖరి గంట గణగణా మోగేదాకా నేను తిరగలేదు.

టైమైపోయింది, ఆపండి అంటూ తలుపు వైపు నుంచి మొదలుపెట్టాను. మామూలే, ఒకడు అయిపోయింది మేడమ్ అంటూ రాస్తాడు, ఒకడు పేరు రాయలేదంటాడు, ఇంకొకడు దారం లేదంటాడు, లాక్కుంటూ తిట్టుకుంటూ వరస తర్వాత వరస వచ్చాను, గోడ వైపు చూడకుండా వచ్చాను, ఆఖరికి ఆ బెంచీ తప్ప ఏదీ మిగల్లేదు. నా చెప్పుల చప్పుడు వినబడే ఉంటుంది, ఎడమ చెవి ఇటే ఉంది. వీపు బిగుసుకోలేదు. వంగి ఉంది, బాగా వంగి, ముక్కు కాగితానికి ఆనేట్టు వంగి ఉంది, దారం ముడి అట్లాగే ఉంది, ముడి కింద పేజీ తిరగేసి ఉంది, దాని మీద కలం పరుగెడుతోంది. మూడేళ్లలో మొదటిసారి నేను వచ్చి పక్కన నిలబడితే లేవలేదు. మునిరత్నం, గంట కొట్టారు, కాగితం ఇవ్వు అన్నాను, కత్తెర గొంతుతోనే అన్నాను. "ఉండండి మేడమ్" అన్నాడు. తల ఎత్తకుండా, లేవడం లేదు, సలాం లేదు, అచ్చం మిగతా పిల్లకాయల్లాగే విసుక్కుంటూ. నాకు కాగితం కనబడటం లేదు, కళ్లు మసకలయ్యాయి, అయినా రూలు రూలే, కాగితం అంచు పట్టుకున్నాను. నేను లాగాను. అతను వదల్లేదు.